ఉప్పునేల మీద బూడిద ఇటుక

నాయుడుపేట దాటి సూళ్ళూరుపేట వైపు వస్తుంటే పదహారో నంబరు జాతీయ రహదారికి తూర్పున నేల తీరు మారిపోతుంది. వరిమళ్ళు పలచబడతాయి. సర్వి తోపులు, తుమ్మ, ఆ వెనక తెల్లగా చౌడు తేలిన బయళ్ళు, ఆపైన పులికాట్. చలికాలంలో ఫ్లెమింగోలను చూడటానికి వచ్చే కార్లు సూళ్ళూరుపేటలో శ్రీహరికోట రోడ్డు పట్టి, సరస్సును చీల్చుకుంటూ పోయే ఆ దారిలో అటకానితిప్ప దగ్గర ఆగుతాయి. మేం వెళ్ళింది పక్షుల కోసం కాదు. హైవేకి ఈవలనే రేకుల షెడ్డు, నీళ్ళ తొట్టి, వరసగా పేర్చిన బూడిదరంగు ఇటుకల గుట్టలు ఉన్న ఒక చిన్న యూనిట్ చూడటానికి.

ఈ యూనిట్ ఇక్కడే ఎందుకు వెలిసిందో మ్యాపు చూస్తే తెలిసిపోతుంది. సరస్సుకు దక్షిణపు కొస దాటగానే, తమిళనాడు వైపు, అత్తిపట్టు, వల్లూరు. అక్కడి ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం మొదటి రెండు దశలు కలిపి 1,830 మెగావాట్లు. ఎన్టీపీసీ, తమిళనాడు విద్యుత్ సంస్థ ఉమ్మడిగా కట్టిన వల్లూరు కేంద్రం 1,500. ఉత్తరాన నెల్లూరు జిల్లా కృష్ణపట్నం తీరంలో, నేలటూరు దగ్గర, దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం. 800 మెగావాట్ల యూనిట్లు రెండుండగా 2022లో మూడోది చేరింది. దాని చుట్టుపక్కల ప్రైవేటు కేంద్రాలు వేరే. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం. మూడు లారీల బొగ్గు కాలిస్తే ఒక లారీ బూడిద ఖాయం. దిగుమతి బొగ్గు కలిపితే కొంత తగ్గుతుంది, అంతే. పులికాట్ ఈ రెండు బూడిద కొండల నడుమ ఉంది.

మేం పోయేసరికి ఒక బల్కర్ దిగుమతి అవుతోంది. పొట్ట ఉబ్బిన ట్యాంకరు లారీ అది, పాతిక ముప్పై టన్నులు పడుతుంది. దాని గొట్టం షెడ్డు పక్కనున్న సైలోకి తగిలించి గాలి కొడుతున్నారు. గొట్టం మూతి దగ్గర కాస్త సందు దొరికితే చాలు, పొడి పొగలా లేస్తోంది. వేళ్ళ మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. బాయిలర్ మంటలో బొగ్గుపొడి కాలిపోతే అందులోని మట్టి భాగం కరిగి, పొగతో పాటు పైకి పోతూ చల్లబడి, కంటికి కనిపించని గాజు గుళికలవుతుంది. పొగగొట్టంలోకి పోకముందే కరెంటు పలకలు ఆ గుళికలను లాగి పట్టుకుంటాయి. అక్కణ్ణుంచి సైలోలోకి, సైలో నుంచి బల్కర్‌లోకి. ఈ దారిలో ఎక్కడా నీటిచుక్క తగలదు. ఆ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

షెడ్డులో పాన్ మిక్సర్ గిర్రున తిరుగుతోంది. నూరు పాళ్ళలో యాభై, అరవై బూడిద, ముప్పై పైచిలుకు క్రషర్ డస్ట్, మిగిలింది సిమెంటు. ఒక్కో యూనిట్‌ది ఒక్కో లెక్క. నీళ్ళు మాత్రం పిసరంత, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, తడి కారకూడదు. బెల్టు మీద ఆ ముద్ద పోయి అచ్చులో పడుతుంది. హైడ్రాలిక్ ప్రెస్సు ఒక్క నొక్కు నొక్కి పలక మీదికి తోస్తుంది. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆ పలకల్ని బిడ్డల్ని ఎత్తినంత జాగ్రత్తగా ఎత్తి ట్రాలీ మీద పెడుతున్నారు. అప్పుడు అంచు చితికితే ఆ ఇటుక ఇక పనికిరాదు. ఒకటి రెండు రోజులు నీడన ఆరాక గుట్టగా పేర్చి తడపడం మొదలు. రెండు మూడు వారాలు.

అసలు కథ ఈ తడపడంలోనే ఉంది. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం వదులుతుంది. మామూలు కాంక్రీటులో ఆ సున్నం ఏ పనీ లేకుండా మిగిలిపోతుంది. బూడిదలోని సిలికా దాన్ని పట్టుకుని మళ్ళీ సిమెంటు లాంటి బంధంగా మారుస్తుంది. కాకపోతే ఈ పని నిదానంగా సాగుతుంది, తడి ఉన్నంతసేపే సాగుతుంది. వారానికే తడపడం ఆపి లారీకెత్తిన ఇటుక గోడలోకి పోయాక కుంచించుకుపోతుంది. ప్లాస్టరింగు పగులుతుంది. మేస్త్రీలు బూడిద ఇటుకను తిట్టుకునేది దీనికే, నిజానికి తిట్టాల్సింది తొందరపడి అమ్మినవాణ్ణి.

మరి ఉప్పునేల మీద ఇన్ని వారాలు తడపడానికి మంచినీళ్ళు ఎక్కడివి?

"ఈడ బోరేస్తే వచ్చేది ఉప్పునీళ్ళేనన్నా. వాటితో తడిపితే ఇటుక తెల్లంగా పూస్తాది. కొన్నోళ్ళు ఊరుకుంటారా, మా మీదికొస్తారు," అన్నాడు యూనిట్ చూసుకునే ఆయన. నీళ్ళు పడమటి నుంచి ట్యాంకరులో వస్తాయట. ఆయన చెప్పిందాంట్లో శాస్త్రం ఉంది. కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 2,000 మిల్లీగ్రాములు మించకూడదు. లోపల ఇనుము ఉండే కాంక్రీటుకైతే 500. తీరప్రాంతపు బోర్లు చాలావాటిలో ఉప్పు ఆ గీత దాటుతుంది. తమాషా ఏమిటంటే, బాగా తడిపిన బూడిద కాంక్రీటు ఉప్పుగాలిని మామూలు కాంక్రీటు కంటే బాగా తట్టుకుంటుంది. సన్నటి గుళికలు సందులన్నీ పూడ్చేస్తాయి కాబట్టి క్లోరైడు ఇనుము దాకా చేరడం ఆలస్యమవుతుంది. ఉప్పును ఆపే సరుకు తయారవడానికే ఉప్పులేని నీళ్ళు కావాలి.

సున్నాన్ని, బూడిదను కలిపి కట్టడం కొత్తదేమీ కాదు. రోమన్లు నేపుల్స్ దగ్గరి పొజ్జువోలి అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి రేవులు కట్టారు. పులికాట్ అడుగున గుట్టలుగా పడి ఉన్న గుల్లలను తరతరాలుగా తవ్వి కాల్చి గుల్లసున్నం చేశారు. అందులో ఇటుకపొడి కలిపితే అదీ ఇదే పని చేస్తుంది. అమెరికాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ డ్యామ్‌లో థర్మల్ బూడిద వాడారు. మన రిహాండ్ డ్యామ్‌లోనూ వాడారు.

చిన్న షెడ్డులో, సిమెంటు లేకుండా ఇటుక చేసే దారి చూపింది మాత్రం తెలుగువాళ్ళే. విశాఖపట్నంలో ఇన్‌స్వారెబ్ అనే పరిశోధన సంస్థ నడిపిన ఎన్. భానుమతిదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం మూడింటినీ తగిన పాళ్ళలో కలిపి ఫాల్-జీ అనే పద్ధతి తెచ్చారు. అంతకుముందు బూడిద-సున్నం ఇటుకకు ఆవిరి పట్టించాల్సి వచ్చేది. దానికి బాయిలరు, పెట్టుబడి, పెద్ద ఫ్యాక్టరీ. ఫాల్-జీకి నీళ్ళు చల్లితే చాలు. సున్నం ఎసిటిలీన్ ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిందీ, జిప్సం ఎరువుల ఫ్యాక్టరీల్లో గుట్టపడిందీ వాడుకోవచ్చు. కొలిమి ఉండదు కనుక ఇటుక కాల్చే బొగ్గు మిగులుతుంది. ఆ లెక్కతోనే 2000ల మధ్యలో ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి ఈ చిన్న యూనిట్ల దగ్గర కర్బన క్రెడిట్లు కొనడానికి ముందుకొచ్చింది. పల్లెటూరి రేకుల షెడ్డుకు అంతర్జాతీయ కార్బన్ బేరం దక్కడం అప్పట్లో చిన్న విషయం కాదు. మేం చూసిన యూనిట్‌లో ఇప్పుడు సిమెంటే వాడుతున్నారు. మంచి సున్నం ఎప్పుడూ ఒకే తీరున దొరకదన్నది ఆయన చెప్పిన కారణం.

ఇటుక బాగుందో లేదో చూడటానికి ఆయన ల్యాబు రిపోర్టు తీయలేదు. రెండు ఇటుకలు తీసుకుని ఒకదాన్నొకటి కొట్టాడు, ఖంగుమంది. మేకుతో గీశాడు, గీత సన్నగా పడింది. ఛాతీ ఎత్తు నుంచి వదిలితే పగల్లేదు. సరుకు తీసుకుపోవడానికి వచ్చిన మేస్త్రి మాత్రం ఇంకా అనుమానంగానే చూస్తున్నాడు. "ఎర్ర ఇటుకైతే ప్లాస్టరు పట్టేస్తాదన్నా, ఇది నున్నంగా ఉండాది," అన్నాడు. గోడను ముందురోజు తడిపి, గరుకుగా చెక్కి మరీ పూయాలి. ఆ అదనపు పనికి కూలి ఎవరూ ఇవ్వరు, అందుకే అతని విసుగు న్యాయమైనదే. అయితే ఎర్ర ఇటుక వెనక ఒక చెరువు మట్టో, ఒక పొలం పైపొరో ఉంటుంది. ఆ లెక్క బిల్లులో రాదు.

ఒకప్పుడు ఈ బూడిదను ఎవరైనా పట్టుకుపోతే చాలనుకునేవారు. 1996-97లో దేశమంతటా పుట్టిన బూడిదలో పదో వంతు కూడా వాడలేదు. 1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ బూడిద వాడకం మీద నోటిఫికేషన్ తెచ్చింది. తర్వాతి సవరణల్లో పొడి బూడిదలో కనీసం 20 శాతం ఇటుకల యూనిట్లకు ఉచితంగా ఇవ్వాలని రాశారు. 2021-22 నాటికి దేశంలో 27 కోట్ల టన్నుల బూడిద పుడితే 95 శాతం పైగా వాడుకలోకి వచ్చిందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. 2021 డిసెంబరు 31 నాటి కొత్త నోటిఫికేషన్ అయితే మొత్తం వాడి తీరాల్సిందేనని, వాడని టన్నుకు వెయ్యి రూపాయలు కట్టాలని చెప్పింది. అదే ఏడు విద్యుత్ మంత్రిత్వ శాఖ బూడిదను వేలంలో అమ్మమని, మిగిలితేనే ఉచితంగా ఇవ్వమని సలహా ఇచ్చింది.

వేలమంటే పెద్ద చేతులదే పై మాట. పోర్ట్‌లాండ్ పొజ్జోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలపవచ్చు. సిమెంటు కంపెనీకి అది క్లింకరు ఖర్చు మిగిల్చే సరుకు. అందుకే బూడిద ఇప్పుడు తగువులు పెట్టే వస్తువైంది. 2024 నవంబరులో కడప జిల్లా రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీకి ఎవరి లారీల్లో పోవాలన్న దాని మీద రెండు నియోజకవర్గాల నాయకుల వర్గాలు రోడ్డెక్కాయి. ఆ తగువులో ఇటుకల యూనిట్ల ఊసే రాలేదు. ఇక్కడ సూళ్ళూరుపేటలో ఆయనకు బూడిద ధర కంటే దాని రవాణాయే భారం. బల్కర్ అద్దె పెరిగితే ఇటుక లెక్క తారుమారు.

ఇదంతా పొడి బూడిద సంగతి. సైలోల నుంచి ఎవరూ ఎత్తని బూడిదను, బాయిలర్ అడుగున పడే మడ్డిని నీళ్ళలో కలిపి గొట్టాల్లో చెరువులకు పంపుతారు. ఉత్తర చెన్నై కేంద్రం పక్కన ఎన్నూరు దగ్గర ఆ గొట్టాలు పగిలి బూడిద నీళ్ళు కొసస్తలైయార్‌లో, ఎన్నూరు క్రీక్‌లో పేరుకుపోయాయి. వలల్లో చేపకు బదులు బురద వస్తోందని అక్కడి మత్స్యకారులు ఏళ్ళ తరబడి పోరాడారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ 2022లో ఆ చిత్తడి నేలలను బాగుచేయమని ఆదేశించింది. ఆ క్రీక్‌కూ పులికాట్‌కూ నడుమ బకింగ్‌హామ్ కాలువ ఉంది, ఉప్పుటేర్లున్నాయి. ఆర్సెనిక్, సీసం, క్రోమియం లాంటివి గాజు గుళికల్లో చిక్కుకుని ఇటుకలో ఉన్నంతకాలం చాలావరకు కదలవు. అదే బూడిద ఏళ్ళ తరబడి నీళ్ళలో నానితే ఊరుతాయి.

చెరువుల్లోని పాత బూడిదనూ పదేళ్ళలో ఖాళీ చేయాలని 2021 నోటిఫికేషన్ అంటోంది. దాన్ని తీసుకుంటారా అని అడిగితే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఊరికే ఇచ్చినా వద్దన్నా. తడుండాది, గరుసుండాది. సముద్రం నీళ్ళతో తోలేకాడ ఉప్పు కూడా ఉండాది. నా మిక్సర్‌లో పోస్తే నా పేరు పోతాది."

ఆ బూడిదకు మిగిలిన పెద్ద గిరాకీ రోడ్డు కట్టలు, పల్లపు నేలల పూడ్పు. రోడ్డు కట్టలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2001లోనే ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. బూడిద గుట్టకు పక్కల మందంగా మట్టి కప్పాలి, మధ్య మధ్య మట్టి పొరలు వేయాలి, వానకు కోసుకుపోకుండా గడ్డి నాటాలి. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపానైతే రెండు రోజుల్లో కాళంగి నది పొంగుతుంది. అందుకని కాంట్రాక్టరు కట్ట మీద బూడిద ఏ నెలలో పోశాడు, మట్టి ఏ నెలలో కప్పాడు అన్నది ఈ ఒడ్డున అడగాల్సిన ప్రశ్న. కాళంగి పోయి కలిసేది పులికాట్‌లోనే.