గాడిదను గాడిద అనవచ్చునా?

అహ్మదాబాదు నుంచి వాయవ్య దిశగా సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణం చేస్తే పొలాలు క్రమంగా పలచబడతాయి. చెట్లు పొట్టివై తుప్పలౌతాయి. ఒకచోట ఆ తుప్పలు కూడా ఆగిపోతాయి. ఆ పైన కనుచూపు మేర చదునైన, బీటలు వారిన, బూడిద రంగు నేల తప్ప మరేమీ కనబడదు. అదే కచ్ ప్రాంతపు చిన్న రణ్. వానకాలంలో నీటి మడుగు, వేసవిలో నిప్పుల కొలిమి. ఈ రెండింటి నడుమ కొద్ది నెలలు మాత్రం మనబోటి యాత్రికులకు అందుబాటులో ఉంటుంది.

నేను వెళ్ళింది కార్తీక మాసంలో. మా బావగారు అహ్మదాబాదులో బ్యాంకు ఉద్యోగి. ఆయన, పదేళ్ళ మా మేనల్లుడు, నేను తెల్లవారుజామున ఒక అద్దె జీపులో బయలుదేరాము. రణ్ అంచు చేరేసరికి తూర్పు ఎరుపెక్కుతున్నది. దారి పక్కన అటవీశాఖవారి బోర్డు ఒకటి కనబడింది. మావాడు దానిని గట్టిగా చదవబోయి, మధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వాడు. బోర్డు మీద ఇంగ్లీషులో 'ఇండియన్ వైల్డ్ యాస్ శాంక్చువరీ' అని ఉన్నది. ఆ 'యాస్' అనే మాట తరగతిలో పలికితే బెంచీ ఎక్కిస్తారట!

నిద్రమత్తులో ఉన్న మా బావగారు కళ్ళు తెరవకుండానే, "పొద్దున్నే ఏమిట్రా ఆ ఇకిలింపు, గాడిదా!" అన్నారు.

మావాడు ఒక్క క్షణం ఊరుకుని, "నాన్నా, ఆ బోర్డు మీద ఉన్నది కూడా అదే గదా!" అన్నాడు.

మేము ముగ్గురమూ పకపక నవ్వాము. మా భాష తెలియని జీపు డ్రైవరు సంగతేమిటని హిందీలో అడిగాడు. చెప్పాను. అతడు నవ్వలేదు. "సాహెబ్, మేము వాటిని ఘుడ్‌ఖర్ అంటాము. ఆ పేరు పెట్టి ఇక్కడ ఎవరినీ తిట్టరు" అన్నాడు.

మరి కొంతసేపటికి ఆ ఘుడ్‌ఖర్‌లు కనబడ్డాయి. మొదట దూరాన ఎండమావిలో తేలుతున్న మచ్చలవలె ఉన్నవి, దగ్గరయ్యే కొద్దీ పన్నెండు జంతువులయ్యాయి. ఇసుక రంగు ఒళ్ళు, తెల్లని కడుపు, మెడ మీద నిటారుగా నిలిచిన కురచ జూలు, వెన్ను పొడుగునా ముదురు గోధుమరంగు చార. తల పైకెత్తి మమ్మల్ని చూసినవి. ఆ చూపులో బెదురు లేదు, వినయమూ లేదు. జీపు మరి కొంచెం ముందుకు కదలగానే ఒక్కుమ్మడిగా పరుగు తీసినవి. గంటకు అరవై కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తగల జంతువు అది. బరువు మోయించుదామన్నా, బండికి కట్టుదామన్నా మనిషికి లొంగదు. బావగారు కళ్ళు నులుముకుని, "ఇవి గాడిదలేనా!" అని ఆశ్చర్యపోయారు.

ఈ జంతువుకు ప్రపంచంలో మిగిలిన ముఖ్యమైన ఆశ్రయం ఈ ఉప్పు నేలే. ఒకప్పుడు వాయవ్య భారతంలోను, ఇప్పటి పాకిస్తాను భూములలోను విరివిగా తిరిగిన జాతి ఇది. 1960 ప్రాంతాలలో సర్రా జ్వరము, గుర్రాలకు సోకే మరొక అంటురోగము వచ్చి మందలు మందలుగా తుడిచిపెట్టుకుపోయినవి. 1969లో లెక్క చూస్తే 362 మాత్రమే మిగిలాయి. ఆ తరువాత దాదాపు ఐదు వేల చదరపు కిలోమీటర్ల మేర దీనిని అభయారణ్యంగా ప్రకటించి కాపాడారు. 2024 గణనలో వీటి సంఖ్య 7,672కు చేరుకున్నది. వానలు కురిసి రణ్ నీట మునిగినపుడు ఇవి 'బేట్'లనే మెరక దిబ్బలకు చేరి అక్కడి గడ్డి మేస్తాయి. గడ్డి కరువైనపుడు, మనం సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టు కాయలు తిని గడుపుకుంటాయి. గుజరాతీలు ఆ చెట్టును 'గాండో బావళ్' అంటారు. అంటే పిచ్చి తుమ్మ. తిట్టు పేరు మోయడంలో చెట్లకు కూడా మినహాయింపు లేదన్నమాట!

డ్రైవరు చెప్పిన మాట నన్ను వదలలేదు. ఘోడా అంటే గుర్రం, ఖర్ అంటే గాడిద. ఈ రెండూ కలిసి ఘుడ్‌ఖర్ అయిందంటారు. అంటే ఆ పేరులోనూ గాడిద ఉన్నది, అయినా అందులో అవమానం లేదు. అదే గుజరాతీలో ఊరి గాడిదను 'గధేడో' అంటారు. ఆ మాట మాత్రం మన గాడిద అంత ఘాటైన తిట్టే.

మనకు మాత్రం ఇది కొత్తా? ఖర శబ్దానికి సంస్కృతంలో గాడిద అనే అర్థమున్నది. మన అరవై సంవత్సరాలలో ఖర నామ సంవత్సరం ఒకటి. 2011 ఉగాదినాడు ఆ సంవత్సరం ప్రవేశించినప్పుడు ఊరూరా పంచాంగ శ్రవణం చేశారు. సంవత్సరం పేరు వినబడి ఎవరూ నొచ్చుకోలేదు. పందిని వరాహమంటే చేతులు జోడిస్తాము. తిరుమలలో వెంకటేశ్వరునికంటె ముందు వరాహస్వామిని దర్శించుకోవడం ఆచారం. సింహాచలంలో వెలసినది వరాహలక్ష్మీనరసింహస్వామి. అయితే పొరుగువాణ్ణి పంది అని చూడండి! శునకం, కుక్క, మహిషం, దున్నపోతు. జంతువు ఒక్కటే. ఒక పేరు పూజకు, రెండవది పోట్లాటకు. అయితే పెద్ద మాట వాడినంత మాత్రాన దోషం పోతుందనుకోవడం కూడా పొరపాటే. పాట పాడినవాని గొంతును గార్దభస్వరం అని మెచ్చుకుంటే అతడు సంతోషించడు గదా!

ఇంగ్లీషువారి అవస్థ కూడా ఇటువంటిదే. మా మేనల్లుణ్ణి నవ్వించిన 'యాస్' అనేది జంతువును చెప్పే ప్రాచీనమైన మాట, లాటిను నుంచి వచ్చినది. పిరుదులను చెప్పే మోటు మాట వేరు. కాలక్రమాన ఉచ్చారణ కలిసిపోయి రెండూ ఒకటిగా వినబడసాగినవి. 'డాంకీ' అనే పేరు 18వ శతాబ్ది చివరి భాగంలో గాని ఆ భాషలో కనబడదు. పాత మాట నోట పలకడానికి మర్యాదస్తులు సంకోచించడంవల్లనే కొత్త మాట వ్యాపించిందని భాషావేత్తల ఊహ. కాని ఎంతకాలమో కాకముందే 'డాంకీ' కూడా తెలివితక్కువవానికి బిరుదైపోయింది. కుక్కల ప్రదర్శనలలో ఆడకుక్కల వరసకు ఇంగ్లీషులో అచ్చువేసే మాట, బయట ఒక స్త్రీతో అంటే క్షమించరాని తిట్టు. ప్రదర్శన మైదానంలో ఆ మాట విని ఎవరూ ఉలిక్కిపడరు.

మరునాడు కార్తీక పూర్ణిమ. అహ్మదాబాదుకు దక్షిణాన, ధోళ్కా తాలూకాలోని వౌఠా గ్రామం వద్ద సాబర్మతిలో వాత్రక్ నది కలుస్తుంది. మొత్తం ఏడు నదుల సంగమమని అక్కడివారి నమ్మకం. ఏటా ఆ పూర్ణిమకు పెద్ద తిరునాళ్ళు జరుగుతుంది. ఒక వైపు పుణ్యస్నానాలు, మరొక వైపు గాడిదల సంత. రణ్‌లో మనిషికి చిక్కని గాడిదను చూసినవాళ్ళం, మనిషిని నమ్ముకున్న గాడిదను కూడా చూద్దామని అక్కడికి వెళ్ళాము.

నది ఒడ్డున బారులు తీరి గాడిదలు. ఒంటి మీద ఎర్రని, గులాబి రంగు ముద్రలు, మెడలో పూసల పేరులు. బేరగాళ్ళు పళ్ళు చూస్తున్నారు, కాళ్ళు తడుముతున్నారు. దీపావళికి మధ్యప్రదేశ్‌లోని చిత్రకూటంలో మందాకినీ తీరాన ఇటువంటి సంతే జరుగుతుంది. అక్కడ గాడిదలకు సినిమా తారల పేర్లు పెట్టి, ఆ పేరును బట్టి ధర పెంచుతారు. మనిషికి గాడిద పేరు పెడితే తగువు, గాడిదకు మనిషి పేరు పెడితే గిరాకీ!

ఒక వృద్ధుడైన వ్యాపారి తన గాడిద చెవి నిమురుతూ కూర్చుని ఉన్నాడు. "బాబా, ఒకమాట అడుగుతాను, కోప్పడవద్దు. నిన్నెవరైనా గధేడో అంటే కోపం వస్తుందా?" అని అడిగాను.

అతడు కొంచెంసేపు ఆలోచించి, "ఎవరు అన్నారు?" అన్నాడు.

"ఎవరైనా."

"ఎవరైనా అంటే ఎలాగ సాహెబ్? మా అన్న అంటే నవ్వుతాను. నా జంతువును కొనడానికి వచ్చి, బేరం కుదరక అంటే కర్ర తీస్తాను" అని, కాస్త ఆగి, "ఈమధ్య కొనేవాళ్ళే తగ్గిపోయారు. అనడానికైనా ఎవరూ రావడం లేదు" అన్నాడు.

అతని మాట నిజం. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3 లక్షల 20 వేలున్న గాడిదలు 2019 నాటికి 1 లక్షా 20 వేలకు పడిపోయినవి. ఏడేళ్ళలో నూటికి అరవై తరిగిపోయినవన్నమాట. ఇటుక మోతకు ట్రాక్టర్లు వచ్చాయి, మూటల మోతకు ఆటోలు వచ్చాయి. చైనాలో ఒక మందు తయారీకి గాడిద చర్మాలు కావలసి రావడం వీటి పాలిటి కొత్త శాపమైంది. జంతువు కనుమరుగౌతున్నది. తిట్టు మాత్రం చెక్కుచెదరలేదు. పట్నాలలో గాడిదను ఎన్నడూ చూడని పిల్లలు కూడా ఆ మాటను తడుముకోకుండా వాడుతున్నారు.

"ఎవరు అన్నారు?" అన్న ఆ ముసలివాని ప్రశ్న నన్ను చిన్ననాటికి తీసుకుపోయింది. కృష్ణా డెల్టాలోని మా పల్లెటూరి బడిలో ఐదవ తరగతిలో నాతో ఒక చాకలివారి పిల్లవాడు చదువుకునేవాడు. వాళ్ళ గుమ్మం ముందు రెండు గాడిదలుండేవి. తెల్లవారకముందే బట్టల మూటలు వాటి మీద వేసుకుని తండ్రితో చాకిరేవుకు వెళ్ళి వచ్చి, ఆ తరువాత బడికి వచ్చేవాడు. ఒకనాడు లెక్క తప్పితే మాస్టారు, "ఇంటిదగ్గర ఉన్నవి చాలక బడికి కూడా ఒకటి తయారైందా?" అన్నారు. తరగతి అంతా గొల్లుమన్నది. ఆ రోజు మొదలు అతడు లోపలికి అడుగుపెట్టగానే మేము ఓండ్ర పెట్టేవాళ్ళం. అందరికంటె బాగా ఓండ్ర పెట్టేవాడినని నాకు పేరు కూడా ఉండేది.

వేసవి సెలవుల తరువాత అతడు మళ్ళీ బడికి రాలేదు.

మేమన్నది అబద్ధం కాదు. వాళ్ళ ఇంట గాడిదలున్నమాట వాస్తవమే. వాటిని వాళ్ళూ గాడిదలనే పిలిచేవారు. పొద్దున్నే అతడు "పద గాడిదా" అని అదిలించేటప్పుడు ఆ మాటలో చనువే ఉండేది. అదే మాట మా నోటి నుంచి వచ్చినప్పుడు దానితోపాటు అతని కులము, తండ్రి వృత్తి, కుటుంబానికి అన్నం పెట్టిన జంతువు అన్నీ నవ్వులపాలైనవి. మాట తప్పు కాదు గదా అని మేము తప్పించుకోవచ్చును. నిఘంటువు మమ్మల్ని శిక్షించదు. కాని ఒక పిల్లవాని చదువు అక్కడితో ఆగిపోయింది. కొన్నేళ్ళ తరువాత కాలవ గట్టున అతను ఎదురైనాడు. నేను పలకరించేలోగానే గాడిద మెడ తట్టి, దానిని ముందుకు నడిపించుకుని వెళ్ళిపోయాడు.

అవసరమైతే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని మన సామెత. అవసరం తీరిన తరువాత దాని పేరును తిట్టుగా మార్చుకున్నవాళ్ళం మనమే. జంతుశాస్త్రజ్ఞుడు గాడిదను గాడిద అనే వ్రాయాలి, పశువైద్యుడు అలాగే అనాలి. అది విని నొచ్చుకోవడం అనవసరం, దానికి బదులు మరో మర్యాదపేరు వెతకడం వృథా. ఎందుకంటే ఎదుటివాణ్ణి చిన్నబుచ్చాలనే కోరిక ఉన్నంతకాలం, కొత్త పేరు కూడా కొద్ది రోజులలోనే తిట్టైపోతుంది. చూసుకోవలసింది మనం ఆ మాటను ఎవరి మీదికి విసురుతున్నామన్నది.

ఇంటికి తిరిగి వచ్చిన రాత్రి మా చెల్లెలు కొడుకు ముందు తెల్లకాగితం పెట్టి, చూసిన విశేషాలన్నీ తెలుగులో అమ్మమ్మకు ఉత్తరం వ్రాయమన్నది. వాడికి తెలుగు అక్షరాలు మరచిపోకుండా ఉండడానికి ఆమె పెట్టిన నియమమిది. రెండు వాక్యాలు వ్రాసి వాడు నా వద్దకు వచ్చాడు.

"మామయ్యా, అడవి గాడిదలు అని వ్రాస్తే అమ్మమ్మ తిట్టు అనుకుంటుందేమో? ఘుడ్‌ఖర్ అని వ్రాయనా?"

"రెండూ వ్రాయి. అమ్మమ్మ చిన్నప్పుడు గాడిదలను చూసే ఉంటుంది. ఏమీ అనుకోదు" అన్నాను.

వాడు వ్రాసినది తండ్రికి చూపించాడు. 'గాడిద' కాస్తా 'గాదిడ' అయింది. బావగారు నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుని, కలం తీసుకుని, ఆ రెండు అక్షరాలనూ దిద్ది ఇచ్చారు.