కల్లుప్పు తీరం నుంచి మంచుకొండకు

వాకాడులో నిలబడి మంచుకొండల మాట ఎత్తితే వినేవారికి నవ్వు రావడం సహజమే. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊరు. తూర్పుగా పోతే తూపిలిపాలెం, దుగరాజపట్నం. ఎటు చూసినా ఇసుక, ఉప్పుగాలి. 1626లో ఇంగ్లీషువారు ఆ దుగరాజపట్నంలోనే వర్తకస్థానం పెట్టి, దానికి ఆర్మగాన్ అని పేరుపెట్టారు. ఓడల మీద వచ్చినవారి కథలు ఈ తీరానికి పాతవే. ఇక్కడివాడు మంచుకొండ ఎక్కిన కథ మాత్రం కొత్తది.

ఆ కథ పెన్న ఒడ్డున సంగం దగ్గర మొదలవుతుంది. గాంధీ జనసంగం అనే పల్లెలో 1974లో పుట్టిన మల్లి మస్తాన్ బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడు. 1985లో ఎవరెస్టు యాత్రలో అసువులు బాసిన ఆ బడి పూర్వవిద్యార్థి ఉదయభాస్కరరావు విగ్రహం అతని మనసులో కొండల మీద కోరిక నాటింది. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో ప్రారంభించి, జూలై 10న అలాస్కాలోని డెనాలితో ముగించి, ఏడు ఖండాల ఏడు శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడు. వింత ఏమిటంటే, ఒక్కొక్క శిఖరం ఒక్కొక్క వారాన!

ఆ ఏడింటిలో డెనాలికీ, రష్యాలోని ఎల్‌బ్రస్‌కూ మరో రకం యాత్రికులు కూడా వస్తారు. వీరు స్కీ బద్దలు కట్టుకొని కొండ ఎక్కి, వాటి మీదనే జారుతూ దిగుతారు. జారే బద్దతో ఎక్కడమెలా అంటారా? బద్ద అడుగున పట్టీ ఒకటి అంటిస్తారు. దాని నూగు ఒకవైపే వాలి ఉంటుంది. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కు పోబోతే మంచును పట్టుకుంటుంది. పూర్వం సీల్ చర్మం వాడేవారు. ఇప్పుడు నైలాను, అంగోరా మేక బొచ్చు.

ఈ యాత్రకు వసంతమే అదను. పగలు కరిగి రాత్రి గడ్డకట్టి, మంచు మన కల్లుప్పులా గింజకడుతుంది. చీకటితోనే బయలుదేరి, గట్టిమంచు మీద ఎక్కి, ఎండకు పైపొర కాస్త మెత్తబడగానే దిగాలి. మరీ ఆలస్యమైతే తడిసిన మంచు వాలు వాలంతా విరిగి మనిషి మీద పడవచ్చు. శిఖరం నూరు గజాల దూరంలో ఉన్నా, వేళ మించితే వెనుదిరగవలసిందే. తెల్లవారకముందే గాలి చూసుకొని వేటకు పోయే మన పల్లెకారులకు ఈ నీతి ఎవరూ చెప్పనక్కరలేదు.

1970లో జపానువాడు మియురా ఎవరెస్టు వాలు మీద పారాచూట్ కట్టుకొని జారాడు. ఆ యాత్రలోనే ఆరుగురు షెర్పాలు మంచు కూలి మరణించారు. 2000లో స్లొవేనియావాడు దావో కర్నిచార్ శిఖరం నుంచి కింది శిబిరం దాకా స్కీలు విప్పకుండా దిగాడు. కీర్తి పక్కనే మృత్యువు నడిచే దారి ఇది.

మస్తాన్ బాబుకూ ఆ దారే ఎదురైంది. 2015 మార్చి 24న ఆండీస్‌లో 6,748 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్ మీదికి ఒంటరిగా వెళ్ళాడు. వాతావరణం విషమించింది. ఏప్రిల్ 3న అతని దేహం దొరికింది. ఆ నెలలోనే స్వగ్రామానికి తెచ్చి అంత్యక్రియలు జరిపారు.

మంచు చూడాలని ముచ్చటపడే పిల్లలకు ఔలీ ఉంది, గుల్మార్గ్ ఉంది. స్కీ నేర్పేవారూ ఉన్నారు. పంపే తల్లిదండ్రులు ఎక్కడంతో పాటు వెనుదిరగడం కూడా నేర్చుకురమ్మని చెప్పి పంపితే చాలు.