కావలివాడి పొరపాటు

మా అనంతపురం సీమ నీళ్ళ కరువు సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. పోయిన వేసవిలో మా తమ్ముడు పొలం దగ్గర ఏవో నీళ్ళు తాగి, నాలుగు రోజులు విరేచనాలతో మంచమెక్కాడు. తేరుకున్నాడు. పది రోజులకు, "అన్నా, పాదాలు తిమ్మిరెక్కి కాళ్ళు నిలవడం లేదు" అన్నాడు.

"నీరసంలేరా!" అన్నాను. అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. మూడోనాటికి చేతులూ లేవలేదు. అప్పుడు బెంగళూరు పరుగెత్తాము.

గులియన్ బారే జబ్బన్నారు. 1916లో ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికుల్లో గుర్తించారట. 2025లో పూణేలో, గుంటూరులో వినబడిన పేరే. విరేచనాల క్రిములను తరమబోయిన ఒంటి కావలివాడు పొరపడి, చెనిక్కాయ గింజ పొట్టు వలిచినట్టు నరాల మీది పొరను వలిచేస్తాడట! ఊపిరి కండరాలదాకా పాకితే ప్రాణానికే ముప్పు.

ఐదు రోజులు ఇమ్యూనోగ్లోబులిన్ మందు ఎక్కించారు. నాలుగు నెలలకు కర్ర వదిలి నడిచాడు.

"మొదలై ఎన్నాళ్ళయింది?" అని డాక్టరు అడిగినప్పుడు నేను తల వంచుకున్నాను. తాయెత్తు కట్టించింది అమ్మే; ఆ మూడు రోజులూ పోగొట్టింది మాత్రం చదువుకున్న నేను. పాదాల్లో పుట్టిన తిమ్మిరి పైకి పాకుతూంటే, మీరు మాత్రం "నీరసంలే" అనకండి.