పొద్దు గుంకిన తరువాతి ఆకాశం

రాత్రివేళ దూరదేశపు రేడియో స్టేషను విన్నవారికి ఒక సంగతి అనుభవమే. పాట సాఫీగా సాగుతూండగా గొంతు సన్నగిల్లి, నూతిలోనుండి వచ్చినట్లై, మరల ఒక్కసారిగా పైకి లేస్తుంది. యంత్రం చెడినదని దానిమీద ఒక దెబ్బ వేసేవారూ ఉండేవారు. ఆ తడబాటుకు మూలం నేలకు సుమారు మూడు వందల కిలోమీటర్ల పైన, అయనావరణంలో ఉన్నది.

సూర్యరశ్మి తాకిడికి అక్కడి వాయుకణాలు చీలి విద్యుత్కణాలవుతవి. హ్రస్వతరంగాలు వాని వల్ల వంగి నేలకు మరలివస్తవి. ఈ పొర ఉన్నదని 1924లో ఇంగ్లండులో యాపిల్టన్ ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర పెక్కేండ్లు దీనినే పరిశోధించి, 1947లో ఊర్ధ్వ వాతావరణంపై ఒక ఉద్గ్రంథం వెలువరించాడు.

అయితే అది అద్దంవలె నునుపైనదని ఊహించరాదు. పొద్దు గుంకగానే దక్షిణాపథంమీద దాని స్వభావం మారుతుంది. అడుగున ఉన్న కణాలు త్వరగా తిరిగి కలిసిపోయి పలుచనవుతవి. పైన చిక్కదనం నిలుస్తుంది. సాయంకాలపు విద్యుత్ క్షేత్రం పొరను మరింత ఎత్తుకు లేపుతుంది. నూనెమీద నీరు పోసినట్లే గదా! అడుగునున్న పలుచదనం బుడగలై పైకి చొచ్చుకొనిపోతుంది. కొన్ని వేయి కిలోమీటర్ల ఎత్తును కూడ దాటుతవి. వాని అంచులలో కిలోమీటర్లనుండి మీటర్లదాకా ఎన్నో చీలికలు. వానిగుండా వచ్చిన తరంగం ముక్కలై, ఆ ముక్కలు ఒకచో పరస్పరం బలపరచుకొంటవి, ఒకచో మాపుకొంటవి. నక్షత్రం గాలివల్ల మిణుకుమంటుంది; ఉపగ్రహ సంకేతం ఈ బుడగలవల్ల మిణుకుమంటుంది. శాస్త్రజ్ఞులు రెంటికీ ఒకే మాట వాడటం సొగసుగా ఉన్నది. హిందీలో 'టిమ్‌టిమానా', తెలుగులో 'మిణుకుమిణుకు' - రెండు భాషలూ ఆ తడబాటును ధ్వనిలోనే పట్టుకొన్నవి.

అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణాగ్రానికి చేరువగా పోతుంది. కేరళతీరాన తుంబను రాకెట్ల ప్రయోగానికి ఎన్నుకొన్నది అందుకే. అక్కడి బెస్తవారు ఇండ్లు విడిచిపోగా, వారి చర్చిలో ఇంజనీర్లు పనిచేశారు. తిరుపతి చెంత గాదంకిలోని రాడారు ఎన్నో రాత్రులు ఈ బుడగల చీలికలను పసిగట్టింది.

సముద్రంమీద ఉన్నవారికి ఇది పాట వినటం, వినకపోవటంతో పోయే విషయం కాదు. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు దూరసముద్రంలో ఉన్న పలువురు జాలరులకు హెచ్చరిక అందలేదు. 2019లో, హైదరాబాదులోని మహాసముద్ర సమాచార కేంద్రం పాలుపంచుకొనగా, ఉపగ్రహం ద్వారా పడవకు వార్త చేర్చే 'జెమిని' పరికరం వచ్చింది. ఆ వార్త దిగిరావలసినది ఈ పొరగుండానే. బుడగలు హెచ్చుగా లేచేది సూర్యునిమీద మచ్చలు పెరిగిన ఏండ్లలో, మార్చి, సెప్టెంబరు ప్రాంతపు రాత్రులలో, పొద్దు గుంకినది మొదలు అర్ధరాత్రి దాకా. పలువురు జాలరులు వల దించేదీ ఆ వేళలలోనే.