పర్చూరు పొలం, వాషింగ్టన్ లెక్క

అమెరికా పౌరసత్వం ఉన్న మనిషి గుంటూరులో కాపురమున్నా, పర్చూరులో మిరప పండించినా, ఏటా అమెరికా ప్రభుత్వానికి లెక్క చెప్పాల్సిందే. పిల్లల్ని అమెరికా పంపిన మన పల్లెటూళ్ళ ఇళ్ళకు ఈ సంగతి ఇంకా సరిగా చేరలేదని నా అనుభవం. దాదాపు అన్ని దేశాలూ మనిషి ఎక్కడ ఉంటున్నాడో చూసి పన్ను వేస్తాయి. అమెరికా పాస్‌పోర్టు చూసి వేస్తుంది. అలా వేసే దేశం ప్రపంచంలో ఇంకొకటే ఉంది, ఎరిట్రియా.

నేను 2016లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండలేని పరిస్థితి వచ్చాక 2021లో గుంటూరు వచ్చేశాం. మావారు మొదటినుంచీ భారత పౌరుడే, తిరిగొచ్చేటప్పుడు గ్రీన్‌కార్డు అప్పగించేశారు. అక్కడితో ఆయన అమెరికా లెక్కల్లోంచి బయటపడ్డారు. నేను పడలేదు. పైగా భర్త అమెరికా పన్ను పరిధిలో లేడు కనుక భార్యాభర్తలు విడివిడిగా వేసే రిటర్ను నాకు వర్తిస్తుంది. ఆ పద్ధతిలో రిటర్ను వేయాల్సిన ఆదాయపు గీత ఎంతో తెలుసా? ఏడాదికి 5 డాలర్లు. సేవింగ్స్ ఖాతా వడ్డీ నాలుగైదు వందలు దాటితే చాలు. పన్ను పడకపోవచ్చు, కాగితం మాత్రం వెళ్ళాలి.

పన్నుకూ కాగితానికీ ఉన్న ఈ తేడా అర్థమైతే సగం భయం పోతుంది. మిగిలిన సగం భయం అవసరమే. ఇక్కడ ప్రాణం తీసేది పన్ను కాదు, చెప్పకపోయినందుకు పడే జరిమానా.

విదేశీ ఖాతాల వివరాలు ఇవ్వాలన్న నిబంధన 1970 నాటి బ్యాంకు రహస్యాల చట్టం నుంచి వచ్చింది. దాని కింద వేసే పత్రాన్ని ఎఫ్‌బార్ అంటారు. దాన్ని పట్టించుకున్నవాళ్ళు చాలాకాలం తక్కువే. 2009లో స్విస్ బ్యాంకు యూబీఎస్, అమెరికన్ల పన్ను ఎగవేతకు సాయపడినందుకు 78 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. ఆ మరుసటి ఏడే, 2010 మార్చి 18న, ఫాట్కా చట్టమైంది. అమెరికన్ల ఖాతాల వివరాలు ఇవ్వని విదేశీ బ్యాంకులకు అమెరికా నుంచి వచ్చే చెల్లింపుల్లో 30 శాతం కోత పెడతామని దాని సారాంశం. మన దేశం 2015 జులై 9న ఒప్పందం మీద సంతకం చేసింది. అప్పటినుంచి మన బ్యాంకులు, ఫండ్ సంస్థలు, బీమా కంపెనీలు ఈ వివరాలను మన ఆదాయపు పన్ను శాఖకు ఇస్తాయి, అది అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు పంపుతుంది. స్విట్జర్లాండులో డబ్బు దాచిన కోటీశ్వరుడి కోసం పన్నిన వల ఇది. అందులో మిర్చి యార్డు నుంచి డబ్బు జమయ్యే పాస్‌బుక్కు కూడా పడుతుంది.

ఆ పాస్‌బుక్కు మా ఇంట్లోనే ఉండేది. నాన్న ఖాతాలో నా పేరు కూడా కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టారు. ఆసుపత్రి అవసరం వస్తే పనికొస్తుందని అమ్మ పోరి పెట్టించిన ఏర్పాటు. ఎఫ్‌బార్ నియమం ఏమంటుందంటే, విదేశీ ఖాతాలన్నింటిలో ఏడాది మొత్తంలో ఏ ఒక్కరోజైనా నిల్వలు కలిపి 10,000 డాలర్లు దాటితే ప్రతి ఖాతానూ చూపాలి. డబ్బు ఎవరిదన్నది లెక్కలోకి రాదు, జాయింటు ఖాతా అయితే నిల్వ మొత్తం చూపాలి. నాన్న ఎప్పటిలాగే కాయను గుంటూరు కోల్డ్ స్టోరేజిలో పెట్టి, ధర కోసం చూసి చూసి అమ్మేవాడు. ఎకరానికి ఇరవై క్వింటాళ్ళు, మూడెకరాలకు అరవై. క్వింటా పద్దెనిమిది వేలకు పోతే పదిలక్షల ఎనభై వేలు. కమీషను కొట్టు నుంచి ఆ డబ్బు ఖాతాలో పడిన రోజే గీత దాటిపోతుంది. వారం తిరక్కుండా అందులోంచి కౌలు, పురుగుమందుల కొట్టు బాకీ, కోత కూలీలు అన్నీ కట్టేసి ఖాతాలో ముప్పైవేలే మిగిలినా సరే, చూపాల్సింది ఆ ఒక్కరోజు నిల్వనే.

నేను ఆ ఖాతా లెక్క ఏటా చూపుతూ వచ్చాను. తర్వాత నాన్నతో మాట్లాడి నా పేరు తీయించి, ఆ చోట అన్నయ్య పేరు పెట్టించి, నేను నామినీగా మిగిలాను. నామినీ ఖాతాదారు కాదు, చూపనక్కర్లేదు. అదే చెక్కుల మీద సంతకం చేసే అధికారం ఉంటే మాత్రం, పైసా మనది కాకపోయినా చూపాలి. అమెరికాలో ఉన్న కొడుకు పేరు ఖాతాలో ఉంటే ధైర్యం అనుకునే తల్లిదండ్రులు మన ఊళ్ళలో ఇంటికొకరు. ఆ ధైర్యం నామినేషన్‌తోనూ దొరుకుతుంది.

ఇక పొలం. 2022లో అమ్మ పోయింది. ఆమె పేరున ఉన్న నాలుగెకరాల నల్లరేగడి వీలునామా ద్వారా నాకు వచ్చింది. దాన్ని ఎకరం నలభైవేల చొప్పున కౌలుకిచ్చాను, ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప వేస్తారు. ఆ లక్షా అరవైవేలు ఇక్కడ వ్యవసాయాదాయం, కేంద్రం దానిమీద పన్ను వేయదు. అమెరికాకు ఆ మినహాయింపుతో పని లేదు, వాళ్ళ దృష్టిలో అది అద్దె ఆదాయం. చాలామంది ఇక్కడే ఓ మాట అడ్డం వేస్తారు: రెండు దేశాల మధ్య పన్నుల ఒప్పందం ఉంది కదా అని. ఉంది, 1989లో కుదిరింది. కానీ తన పౌరుల మీద, ఒప్పందమే లేనట్టుగా పన్ను వేసుకునే హక్కును అమెరికా అందులో మొదటి అధికరణంలోనే అట్టిపెట్టుకుంది. మనకు మిగిలే ఊరట, ఇక్కడ కట్టిన పన్నును అక్కడ తగ్గించుకోవడం. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి నేను అదే చేస్తాను. కౌలు మీద ఇక్కడ కట్టిందేమీ లేదు కనుక తగ్గించుకోవడానికీ ఏమీ లేదు. నా ఆదాయం తక్కువ, అక్కడి ప్రామాణిక మినహాయింపులోనే కౌలు కలిసిపోతుంది. అదే పొలం డాలస్‌లో ఉద్యోగం చేసే కొడుకు పేరున ఉంటే, కౌలు రూపాయలు అతని జీతం పైన చేరి, జీతంలో పైమెట్టుకు పడే రేటే వాటికీ పడుతుంది.

ఇక్కడి లెక్క మార్చికి ముగుస్తుంది, అక్కడి లెక్క డిసెంబరుకు. అందుకని వడ్డీలు, కౌలు ఏ నెలలో వచ్చాయో ఒక పుస్తకంలో రాసుకుంటాను. బ్యాంకు ఇచ్చే వార్షిక సర్టిఫికెట్ ఒక్కటే నమ్ముకుంటే రెండు లెక్కలూ కలవవు.

అమ్మ పొలం వచ్చిన ఏడాది ఇంకో పత్రం కూడా వేశాను. విదేశీయుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి బహుమతిగానో వారసత్వంగానో వస్తే ఫారం 3520 వేయాలి. పన్నేమీ ఉండదు. వేయకపోతే మాత్రం విలువలో 25 శాతం దాకా జరిమానా వేసే అధికారం ఐఆర్ఎస్‌కు ఉంది. మా వైపు ఎకరం ముప్పైలక్షల దరి పలుకుతున్న రోజుల్లో నాలుగెకరాలంటే ఆ గీత ఎప్పుడో దాటినట్టే. అప్పుడే రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత అమ్మ పోయిన తేదీ నాటికి మార్కెట్ విలువ కట్టించి ఆ కాగితం దాచాను. రిజిస్ట్రారు ఆఫీసు పుస్తక విలువ దీనికి సరిపోదు. ఆ కాగితం ఎందుకో చెప్పడానికి నాన్నతో జరిగిన సంభాషణ చెప్పాలి.

"నేను ఉండగానే ఎవరి వాటా వాళ్ళకు రాసిచ్చేస్తానమ్మా. రేపు మీరిద్దరూ ఆఫీసుల చుట్టూ తిరగడం దేనికి?" అన్నాడు నాన్న. మన వైపు మర్యాదగల పెద్దలు చేసే పని అది. బతికుండగానే సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి, పాస్‌పుస్తకాలు మార్పించి, పిల్లల మధ్య మాట పడకుండా చూసుకోవడం.

"అన్నయ్యకు అలాగే రాయి నాన్నా. నాకు మాత్రం వీలునామాలో పెట్టు" అన్నాను.

"అంటే నేను పోయినాకేగా?"

ఆ ప్రశ్నకు కూతురు చెప్పగలిగే జవాబు ఏముంటుంది? చట్టం సంగతే చెప్పాను. నాలాగా విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఇక్కడ ఉంటున్నవాళ్ళు వ్యవసాయ భూమిని కొనడానికి వీల్లేదు, బహుమతిగా పుచ్చుకోవడానికీ వీల్లేదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు, అమ్ముకోవాలంటే ఇక్కడ ఉండే భారత పౌరులకే అమ్మాలి. ఇవి 2019 విదేశీ మారక నిబంధనల్లో స్పష్టంగా ఉన్నాయి. ఇక అమెరికా వైపు చూస్తే, వారసత్వంగా వచ్చిన ఆస్తికి పెద్దలు పోయిన నాటి మార్కెట్ విలువే కొన్న ధర కింద లెక్క. తాత వేలల్లో కొన్న ఎకరం ముప్పైలక్షలున్నప్పుడు నాకొచ్చి, ముప్పైఐదుకు అమ్మితే లాభం ఐదు లక్షలే. బతికుండగా ఇచ్చిన బహుమతికైతే ఇచ్చినవాళ్ళ పాత ధరే వర్తిస్తుంది. ఆ లెక్కన దాదాపు ముప్పైఐదు లక్షలూ లాభమే. పట్టణాలకు దూరంగా ఉన్న పల్లె పొలం అమ్మితే మన దగ్గర మూలధన లాభం పన్ను లేదు, కాబట్టి అక్కడ తగ్గించుకునేందుకూ ఏమీ ఉండదు. అమ్మ పోయిన నాటి విలువ కాగితం నేను భద్రంగా దాచింది ఇందుకే.

నాన్న చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత తనంతట తనే వకీలును పిలిపించి, రిజిస్టరు వీలునామా రాయించాడు.

ప్రామిసరీ నోట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త పడ్డాం. మిరప డబ్బు చేతిలో ఉన్న రైతు నమ్మకస్తులకు రెండు రూపాయల వడ్డీకి ఇచ్చి పిల్లల పేరున నోటు రాయించడం మన దగ్గర మామూలు. ఫాట్కా తెచ్చిన ఫారం 8938లో విదేశీయులు రాసిచ్చిన నోటు కూడా చూపాల్సిన ఆస్తే. అమెరికాలోనే ఉండే ఒంటరి వ్యక్తికి ఆ ఫారం గీత ఏడాది చివరికి 50,000 డాలర్లు, విదేశంలో కాపురమున్నవాళ్ళకు 2,00,000. నగదు విలువ ఉన్న ఎల్ఐసీ పాలసీ ఎఫ్‌బార్‌లోనూ వస్తుంది. స్వయంగా మన పేరున ఉన్న పొలం, ఇల్లు, ఒంటిమీది బంగారం ఈ రెండింటిలోనూ రావు. మ్యూచువల్ ఫండ్ల జోలికి నేను అసలు పోలేదు. మన ఫండ్లు అమెరికా చట్టం దృష్టిలో పీఫిక్ అనే వర్గం, వాటి పన్ను కఠినం, ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం. గుంటూరులో నా డబ్బు డిపాజిట్లలో ఉంది. పెరగాల్సిన డబ్బు అమెరికా రిటైర్మెంటు ఖాతాలోనే ఉంచాను, దాన్ని ఇక్కడి రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపుతాను.

అన్నిటికన్నా నన్ను కలతపెట్టేది పిల్లల సంగతి. మా అమ్మాయి న్యూజెర్సీలో పుట్టింది. కాలేజీలో చేరాక బ్యాంకు ఖాతా తెరవడానికి వెళ్తే దరఖాస్తు వెనక పేజీలో ఒక గడి: పుట్టిన దేశం, ఇంకే దేశంలోనైనా పన్ను బాధ్యత ఉందా? "ఇది అందరికీ ఉండేదేనమ్మా, నో అని టిక్కు పెట్టేయండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు, మంచితనంతోనే. ఆ టిక్కు అబద్ధపు ధ్రువీకరణ అవుతుంది. నేను అవును అని రాయించి, అమ్మాయి సోషల్ సెక్యూరిటీ నంబరు వేయించాను. మనవరాలి పేరున డిపాజిట్ వేస్తానన్న మామగారికి, పసిపిల్లల ఖాతాలకు కూడా ఎఫ్‌బార్ ఉంటుందని, పిల్లలు వేయలేకపోతే తల్లిదండ్రులే వేయాలని చెప్పాను. హెచ్1బీ మీద ఉన్నప్పుడు పిల్లల్ని కని, వాళ్ళు బళ్ళో చేరే వయసుకు తిరిగొచ్చిన కుటుంబాలు ఈ జిల్లాల్లో చాలానే ఉన్నాయి. ఆ పిల్లలకు అమెరికాలో నడిచిన గుర్తయినా ఉండదు, బాధ్యత మాత్రం పుట్టుకతోనే వచ్చింది.

ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. మనిషి ఏ దేశంలో బతుకుతున్నాడో ఆ దేశపు ఖాతాలను ఫాట్కా నుంచి మినహాయించాలని విదేశాల్లోని అమెరికన్ల సంఘాలు ఏళ్ళ తరబడి అడుగుతున్నాయి. అమెరికా కాంగ్రెస్ వినలేదు. అక్కడి సుప్రీంకోర్టు మాత్రం ఒకసారి కొంత విన్నది. రొమేనియాలో ఉండిపోయిన బిట్నర్ అనే అమెరికన్ వ్యాపారి ఐదేళ్ళు ఎఫ్‌బార్ వేయలేదు. ప్రభుత్వం 272 ఖాతాలు లెక్కగట్టి 27.2 లక్షల డాలర్ల జరిమానా అడిగింది. కావాలని దాచనప్పుడు జరిమానా ఖాతాకొకటి కాదు, వేయని పత్రానికొకటేనని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. దాంతో అది 50,000 డాలర్లకు దిగింది. అదైనా చిన్న మొత్తమేం కాదు.

ఇన్నాళ్ళూ ఏమీ వేయనివాళ్ళు మీ ఇంట్లో ఉంటే, తెలియక జరిగిందని ఒప్పుకుని సరిచేసుకునే దారి ఐఆర్ఎస్ ఉంచింది. గత మూడేళ్ళలో ఒక్క ఏడాదైనా 330 రోజులు అమెరికా బయట ఉండి, అక్కడ ఇల్లు లేనివాళ్ళు మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు, ఎందుకు వేయలేదో తెలిపే ధ్రువీకరణ పంపితే జరిమానా లేదు. ఐఆర్ఎస్ తానుగా నోటీసు పంపి విచారణ మొదలుపెట్టాక ఆ దారి పనికిరాదు. ఇలాంటిదే మరో పథకాన్ని 2018 సెప్టెంబరు 28న మూసేశారు, దీన్నీ ఎప్పుడైనా మూయవచ్చని చెప్పే ఉన్నారు. తెరిచి ఉన్నప్పుడే వెళ్ళండి.