పెనైను కొండలలో శీతకాలపు పరుగు

ఇంగ్లండు దేశమునకు వెన్నెముకవలె ఉత్తర దక్షిణములుగా వ్యాపించిన కొండలకు పెనైనులని పేరు. డర్బీషైరులోని ఈడేలు గ్రామము మొదలు స్కాట్లండు పొలిమేరలోని కర్క్ యెథోము వరకు ఈ కొండల మీదుగా 268 మైళ్ల కాలిబాట గలదు. దానిని పెనైను వే అందురు. ఈ బాట సులభముగా లభించినది కాదు. ఈడేలునకు పైనున్న కిండరు స్కౌటు పీఠభూమి ఒకప్పుడు వేటకై ప్రభువులు దాచుకొనిన నేల. 1932 ఏప్రిలు 24వ తేదీన కొన్ని వందలమంది నిషేధమును లెక్కింపక దానిపైకి నడచిరి. ఐదుగురు చెరసాల పాలైరి. 1935లో టామ్ స్టీఫెన్సన్ అను పత్రికారచయిత ఇట్టి దీర్ఘమార్గము కావలెనని వ్రాసెను. తుదకు 1965లో బాట తెరువబడెను.

మాంచెస్టరులో కాపురమున్న తెలుగు స్నేహితురాండ్రు కొందఱు దూరపు పరుగులకు సాధన చేయుచున్నారు. 26 మైళ్ల 385 గజముల పరుగు మారథాను. అంతకు మించినది అల్ట్రామారథాను. సంక్రాంతి దినములలో వారితో కూడ మేమును రైలెక్కి ఈడేలున దిగితిమి. ఉదయ మెనిమిది గంటలైనను సూర్యుని జాడ లేదు. మన వాకిళ్లలో ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు కూర్చుండు ఆ వేళ, ఇచట గొఱ్ఱెల ఉన్నిపై మంచు పేరుకొనియుండెను.

పొలములగుండ మెల్లగా పరుగిడి, యాకోబు నిచ్చెన అను రాతిమెట్లను చేరితిమి. అచట అందఱును నడచిరి. ఎక్కుడున నడక, చదునున పరుగు, దిగుడున జాగ్రత్త: దూరము పోవువారి పద్ధతి యిదియట. కిండరు డౌన్‌ఫాలు అను జలపాతమును సమీపించుసరికి పడమటిగాలి నీటిని క్రిందికి పడనీయక పైకి చిమ్ముచుండెను. ఆ తుంపరలు ముఖమున సూదులవలె గ్రుచ్చుకొనెను.

ఆవలి నేల చాలవఱకు నాచు కుళ్లి యేర్పడిన నల్లని ఊబి. అడుగు తప్పిన మోకాలివరకు దిగబడును. అందుచే అనేక తావుల రాతిపలకలు పఱచిరి. వానిలో మూతపడిన నూలుమిల్లులనుండి తెచ్చినవియు గలవు. ఒకప్పుడు మన అంగళ్లను నింపి, మన సాలెవారి మగ్గములకు పని లేకుండ జేసిన బట్ట ఈ సీమ మిల్లులలోనిదే. అట్టి రాళ్లమీద తెలుగు ఆడువారము పరుగిడుట తలచుకొన్న చిత్రముగా నుండెను.

శీతకాలము ఈ విద్యకు కఠినమైన గురువు. పరుగున చెమట పట్టును. నిలిచినంతనే తడిబట్ట దేహపు వేడిమిని హరించును. కావున చెమట పట్టకముందే పైబట్ట తీయవలెను, చలి వేయకముందే తొడుగవలెను, ఆకలి కాకముందే తినవలెను. పొయ్యిమీది పాలు పొంగకముందే కనిపెట్టు గృహిణికి ఈ ముందుచూపు క్రొత్తది కాదు. మధ్యాహ్నము పొగమంచు క్రమ్మెను. మాలో పెద్దామె పటమును, దిక్సూచిని చూచి, "మరలుదము" అనెను. ఎవ్వరును మారుమాటాడలేదు. శక్తి యుండగనే మరలుటయు సాధనలో భాగమే.

ఈ బాటమీద జనవరిలో స్పైన్ అను పందెము జరుగును. 268 మైళ్లను ఏడు దినములలో ముగింపవలెను. రాత్రియైనను గడియార మాగదు. 2019లో జాస్మిన్ పారిస్ అను పశువైద్యురాలు 83 గంటల 12 నిమిషములలో గమ్యము చేరి, స్త్రీపురుషు లందఱిలో మొదటిదాయెను. అంతకు ముందటి రికార్డు 12 గంటలు తగ్గెను. అప్పటికామె బిడ్డకు 14 నెలలు. విడిదులకడ పాలు పిండుకొని, మరల చీకటిలోనికి బయలుదేఱినది. ఆమెతో పోటీపడిన యొకడు గమ్యము కొలది మైళ్లుండగా చలిచే నశక్తుడై సాయము కోరవలసివచ్చెను. 2024లో అమెరికాలోని టెన్నెసీ కొండలలో జరుగు బార్క్లీ మారథానును 60 గంటల గడువులో ముగించిన మొదటి స్త్రీయు నామెయే. అప్పటికి గడువున మిగిలినవి 99 సెకండ్లు.

ఇట్టి శక్తి ఒక్కనాట రాదు. మా స్నేహితురా లొకామె మొదట రెండు మైళ్లకే ఆయాసపడెడిదట. వారమువారమును కొంచెము పెంచుచు, నాల్గవ వారము తగ్గించి దేహమునకు విశ్రాంతి నిచ్చుచు, మూడేండ్లకు 50 మైళ్లు పోగలిగెను. "కొండమీద నా ఊపిరి నాకు వినబడును వదినా! దిగివచ్చిన దినమున ఇంటివారి మాట ఓపికతో వినగలుగుదును," అని ఆమె మాతో ననెను. ఆమె కొండపై నున్నంతసేపు పిల్లలకు అన్నము పెట్టినవాడు ఆమె పెనిమిటి. ఆ తోడు లేనిదే ఏ తల్లి సాధనయు సాగదు. ఇది మన ఇండ్లలో మగవారును చదువదగిన మాట.

సోదరీమణులారా! ఈడేలు మనకు దూరమైనను ఊరి చెఱువుగట్టు దగ్గఱనే యున్నది. పుష్యమాసపు వేకువజామున బిడ్డకడ ఇంటివారి నుంచి, ఒక తోడును వెంటగొని, రెండు మైళ్లు నడచిన చాలును. మఱుసటి వారము మఱికొంచెము.