డొంక దారి

నేను పుట్టిన ఇంటికీ, ఇప్పుడు అద్దెకుంటున్న ఇంటికీ మధ్య మూడు వందల గజాలు కూడా ఉండవు. మధ్యలో మురుగు కాలవ, దాని పక్కన డొంక. అవతల మా ఎస్సీ కాలనీ. ఇవతల వెంచరు. నేను గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు చెబుతాను. 2012 డీఎస్సీలో వచ్చింది ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు.

ముందు కాలనీ సంగతి చెప్పాలి. 1986లో పట్టాలిచ్చారు. అప్పుడది టౌనుకి దూరం, శ్మశానం పక్క, వానొస్తే మోకాటి లోతు నీళ్ళు. ఇంకెవరికీ అక్కర్లేని చోటు కాబట్టి మాకిచ్చారు. అయినా మావాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఎందుకంటే అంతకుముందు ఏడాది, 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాము తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు మొదలైంది ఆ గొడవ. కొట్టొచ్చినవాళ్ళ మీదికి బిందె ఎత్తిన మున్నంగి సువార్త సంగతి అమ్మ ఇప్పటికీ నిన్నో మొన్నో చూసినట్టే చెబుతుంది. మిగిలినవాళ్ళు చీరాలకి పారిపోయి వచ్చారు. చాలామంది మళ్ళీ ఆ ఊరు పోకుండా అక్కడే కాలనీ వేసుకుని ఉండిపోయారు. అప్పుడు మా అక్క అమ్మ కడుపులో ఉంది. ఆ నెలంతా నాన్నా వాళ్ళూ కర్రలు పక్కన పెట్టుకుని గూడెం మొదట్లో పడుకునేవాళ్ళంట. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికినప్పుడు నాకు మూడేళ్ళు. అప్పటికి కాలనీకి వచ్చేశాం. మళ్ళీ కాపలాలు. అంతమంది ఒకచోట ఉన్నాం కదా అన్నదే ధైర్యం.

"పొద్దుగూకినాక ఊళ్ళోకి పోమాకండే" అనేది అమ్మ మా చిన్నప్పుడు. ఇప్పుడు మా ఓనరు గారి కోడలు తన కూతురితో అంటోంది, చీకటి పడ్డాక ఆ కాలనీ వైపు వెళ్ళొద్దని. ఆ మాట మొదటిసారి విన్నరోజు నాకు నవ్వొచ్చింది. ఎవరు ఎవర్ని చూసి భయపడుతున్నారు!

బైపాసు పడ్డాక పొలాలు ప్లాట్లయినాయి. పన్నెండేళ్ళ కిందట ఆ వెంచరుకి వేసిన రంగుల బ్రోచరు నా దగ్గర ఇంకా ఉంది. బైపాసుకి ఎన్ని నిమిషాలో, గుడికి ఎంత దూరమో, ఇంగ్లీషు మీడియం స్కూలు ఎటు వైపో అన్నీ వేశారు. నూట నలభై గడపలున్న మా కాలనీ ఉండాల్సిన చోట మాత్రం ఆకుపచ్చ రంగు పూసి, రెండు కొబ్బరిచెట్లు గీశారు. ప్లాట్లు కొన్నవాళ్ళు ఇళ్ళు కట్టుకుని వచ్చి చూస్తే కొబ్బరిచెట్లు లేవు, మేమున్నాం. మోసపోయామని వాళ్ళకి అనిపించి ఉంటుంది. అయితే వాళ్ళ కోపం బ్రోచరు వేసినవాడి మీదికి పోలేదు.

ఆ ఇళ్ళు కట్టింది కూడా మావాళ్ళే. మా బావది సెంట్రింగ్ పని. నేను అద్దెకుంటున్న ఇంటి స్లాబు ఆయన కొట్టిందే. ఇప్పుడు పొద్దున ఆరింటికి డొంక దాటొచ్చి అంట్లు తోమి, వాకిళ్ళు ఊడ్చేది మా ఆడవాళ్ళే. వాళ్ళ వల్ల ఎవరికీ సేఫ్టీ ప్రాబ్లం లేదు. సాయంత్రం అదే డొంకలో వాళ్ళ కొడుకులు నలుగురు నిలబడి ఫోను చూసుకుంటే ఏరియా పాడైపోయినట్టు.

మరి నువ్వెందుకు ఇవతలికి వచ్చావని సంఘం మిత్రులు అడిగారు. మా అబ్బాయి స్కూలు బస్సు కాలనీలోకి రాదు. అమ్మ ఇంట్లో రెండు గదులు, అక్కా వాళ్ళతో కలిపి ఏడుగురం. ఇవి నిజమే. కానీ చిన్నప్పటి నుంచీ గేటున్న ఇంట్లో ఉండాలని నాకు ఆశ. అది కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఓనరు గారి భార్య మంచినీళ్ళిచ్చి, "ఏమీ అనుకోకండి టీచర్ గారూ, మీరేవిట్లు?" అంది. "క్రిస్టియన్స్ అండీ" అన్నాను. మనలో చాలామందికి ఈ జవాబు అలవాటే. ఆమె నా నల్లపూసల వైపు చూసి, "ఓహో" అని, అడ్వాన్సు రెండు నెలలది కాకుండా మూడు నెలలది అడిగింది. సొంతూరు ఎక్కడంటే "ఇక్కడికి దగ్గరే" అన్నాను. అది అబద్ధం కాదు. మూడు వందల గజాల్ని దగ్గరే అంటారు.

రెండేళ్ళ కిందట వెంచర్లో రెండు బండ్లు పోయాయి. తర్వాత ఒకామె మెడలో గొలుసు లాగారు. అసోసియేషన్ మీటింగులో ప్రెసిడెంటు గారు, రిటైరైన పెద్దమనిషి, "టీచరమ్మా, మీకు తెలుగు బాగా వచ్చు. పోలీసులకొక అర్జీ మీరే రాయండి" అన్నాడు. నాకు గౌరవంగా అనిపించింది. అందరి మధ్యా కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫ్యాను నా వైపు తిప్పారు. ఆయన చెబుతుంటే రాశాను. "అవతలి కాలనీ నుండి వచ్చు ఆకతాయిల వలన మహిళలకు రక్షణ కరువైనది. కావున డొంక వైపు కెమెరాలు అమర్చుటకు తగు సహాయము చేయగలరని ప్రార్థన." ఒక్క అక్షరదోషం లేకుండా రాశాను. సంతకం కూడా పెట్టాను.

ఆకతాయిలు అని రాస్తున్నప్పుడు మా కాలనీ పిల్లల మొహాలు నా కళ్ళ ముందుకి రాలేదా అంటే వచ్చాయి. వాళ్ళలో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్ళు. అయినా చెయ్యి ఆగలేదు. ఇది రాయడానికి చాలా రోజులు వెనకాడాను.

కెమెరాలొచ్చాయి. ఒక వారం తెల్లవారుజామున నాలుగింటికి పోలీసులు కాలనీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తనిఖీ చేశారు. కార్డన్ సెర్చ్ అంటారు దీన్ని. మంచాల కింద టార్చిలు వేసి చూశారు. కాగితాల్లేవని తొమ్మిది బండ్లు తీసుకుపోయారు. మావాళ్ళు కొనేది చేతులు మారిన పాత బండ్లు. పేరు మార్పించుకోవాలంటే ఏజెంటుకి డబ్బులియ్యాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి, కూలి పోగొట్టుకోవాలి. అందుకని ఎవరూ మార్పించుకోరు. మర్నాడు పేపర్లో తొమ్మిది బండ్లూ వరసగా నిలబెట్టి ఫోటో వేశారు. చూసినవాళ్ళకి అవి దొంగబండ్లే. వారం తిరక్కుండా ఫైన్లు కట్టి అన్నీ విడిపించుకున్నారు. ఆ సంగతి పేపర్లో రాలేదు. వెంచర్లో పోయిన రెండూ అందులో లేవు. ఇంతవరకూ దొరకలేదు.

అవి తీసింది ఎవరో నాకు తెలీదు. మా కాలనీవాడే తీసి ఉండొచ్చు కూడా. మా కాలనీలో తాగి పెళ్ళాన్ని కొట్టేవాళ్ళున్నారు, పేకాడేవాళ్ళున్నారు, నేను దాచను. వెంచరు మూడో వీధిలో చిట్టీలు కట్టించుకుని ఇరవై రెండు లక్షలతో రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి పోయినాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ పేరు పెట్టి తిట్టుకున్నారు. మూడో వీధి వాళ్ళంతా మోసగాళ్ళని ఒక్కరు అనలేదు. అక్కడ గజం రేటు ఒక్క రూపాయి తగ్గలేదు. వాళ్ళలో ఒకడు చేస్తే వాడి పేరు పోతుంది. మాలో ఒకడు చేస్తే, చేశాడని అనుకుంటే చాలు, కాలనీ పేరు పోతుంది.

పోయిన ఏడాది ఒక ఆదివారం రాత్రి ఏడున్నరకి వెంచరు వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. కెమెరాలోంచి తీసింది. డొంక మొదట్లో చేతిలో ఏదో పట్టుకుని నిలబడ్డ కుర్రాడు. "అనుమానాస్పదంగా తిరుగుచున్నాడు, అందరూ గమనించగలరు." కింద ఒకాయన, "చేతిలో రాడ్డు ఉన్నట్టుంది." ఇంకొకాయన, "పట్టుకుని నాలుగు తగిలించి స్టేషన్లో అప్పజెప్పండి."

వాడు మా అక్క కొడుకు. ఇంటర్ చదువుతున్నాడు. చేతిలో ఉన్నది రాడ్డు కాదు, టిఫిన్ క్యారేజీ. అమ్మ చేపల పులుసు పంపింది.

ఫోను పట్టుకుని కూర్చున్నాను. టైపు చేస్తే అందరికీ తెలిసిపోతుంది. "ఇక్కడికి దగ్గరే" అన్న మాట ఎక్కడిదో తేలిపోతుంది. ఎంతసేపు అట్టా కూర్చున్నానో, మా ఆయన వచ్చి ఫోనులోకి చూసి, ఏమీ అనకుండా చెప్పులేసుకుని పరుగెత్తాడు. అప్పుడు టైపు చేశాను. "వాడు మా అక్క కొడుకు. మా అమ్మావాళ్ళది అవతలి కాలనీనే."

గ్రూపంతా నిశ్శబ్దం. కాసేపటికి ఒకాయన, "సారీ మేడం, మీ తాలూకా అని తెలీదు. ఏదైనా మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా" అని, కింద దణ్ణం బొమ్మ పెట్టాడు. ఫోటో మాత్రం ఎవరూ తీసెయ్యలేదు.

వాడు క్యారేజీ గుమ్మం దగ్గర పెట్టి, "పిన్నీ, నేను ఇంక రాను. నువ్వే రా" అన్నాడు. ఇద్దరు ముగ్గురు చుట్టూ మూగి ఆధార్ అడిగారంట. పులుసు కొంచెం ఒలికింది. ఆ అర్జీ నేనే రాశానని వాడికి తెలీదు. ఇది చదివితే తెలుస్తుంది.

తర్వాత గోడ మాట మొదలైంది. డొంక మూసేస్తే సమస్య తీరిపోతుందన్నారు. ఆడవాళ్ళ సేఫ్టీ అన్నారు మళ్ళీ. నేనూ ఆడదాన్నే, నా సేఫ్టీ ఎటు వైపు ఉందో ఎవరూ అడగలేదు. మా స్కూలుకి కాలనీ పిల్లలు ఆ డొంకమ్మటే వస్తారు. అది మూస్తే లారీలు పోయే బైపాసు మీదుగా కిలోమీటరున్నర చుట్టు తిరగాలి. సంతకానికి కాగితం తెస్తే పెట్టనన్నాను. నెల తిరక్కుండా ఓనరు గారు, "మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చేస్తున్నాడు టీచర్ గారూ, ఇల్లు చూసుకోండి" అన్నాడు. ఆ అబ్బాయి ఇంతవరకూ రాలేదు. మేమూ ఇంకా ఖాళీ చెయ్యలేదు. అగ్రిమెంటు మార్చి దాకా ఉంది.

గోడలు మనకి కొత్త కాదు. మదురై జిల్లా ఉత్తపురంలో దళితుల వైపు కట్టిన గోడ దాదాపు ఇరవై ఏళ్ళు నిలబడింది. 2008 మేలో కొంత పగలగొట్టి దారి తీశారు. మేట్టుపాళయం దగ్గర నడూరులో ఒకాయన దళితుల ఇళ్ళ పక్కన కట్టిన పెద్ద గోడ 2019 డిసెంబరు 2న వానకి కూలి, నిద్రలో ఉన్న 17 మంది చనిపోయారు. ఎస్సీలు, ఎస్టీలు అలవాటుగా నడిచే దారికి అడ్డు పెట్టడం నేరమని 1989 అట్రాసిటీ చట్టంలోనే ఉంది. మా కాలనీలో ఎవరికీ ఆ సంగతి తెలీదు. నాక్కూడా ఈ గొడవలో పడ్డాకే తెలిసింది.

రెండో అర్జీ రాశాను. మున్సిపల్ కమిషనర్‌కి ఒకటి, పోలీసులకొకటి. అదే చేతిరాత. అమ్మ ఇంటి అరుగు మీద లైటు కింద కూర్చుని రాస్తే, అరవై మూడుమంది సంతకాలు పెట్టారు, పందొమ్మిదిమంది వేలిముద్రలు వేశారు. అమ్మ వేలిముద్ర వేసి, సిరా కొంగుకి తుడుచుకుంటూ, "నీదేదే?" అంది.

అప్పటికి నేను పెట్టలేదు. గవర్నమెంటు ఉద్యోగిని, కండక్టు రూల్సు, మెమో ఇస్తారేమో, ఇవన్నీ మనసులో తిరుగుతున్నాయి. అమ్మకి రూల్సు తెలీవు. కాగితం నా వైపు తోసి కూర్చుంది. పెట్టాను. పేరు పక్కన అడ్రసు రాయాలి. అమ్మ ఇంటి నంబరు రాశాను.

అది ఇచ్చి నాలుగు నెలలైంది. ఒకసారి సర్వేయరు వచ్చి డొంక కొలుచుకుని పోయాడు. గోడ నాలుగు వరసలు లేచి ఆగింది. పిల్లలు పుస్తకాల సంచులు ముందు అవతలికి విసిరి, తర్వాత గోడ దూకి స్కూలుకి వస్తున్నారు. చిన్నపిల్లల్ని పెద్దపిల్లలు ఎత్తి దించుతున్నారు. ఫస్టు బెల్లుకి రాలేకపోయినా నేను అటెండెన్సు వేస్తున్నాను.